పల్లవి మిగిలింది, పాట ఏదీ?

రింగుటోను మీద విమర్శ వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. రాయడానికి కావ్యాలు లేవా, నవలలు లేవా, ఇంతకంటె పెద్ద సమస్యలు దేశంలో లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. కాని సాహిత్యం జనంలోకి ఏ రూపాన పోతున్నదో ఆ రూపాన్ని పరీక్షించడం కూడ విమర్శకుడి బాధ్యతే. కవిత్వ సంపుటి కొని చదివే విద్యార్థి ఈనాడు అరుదు. ఏదో ఒక పాటను జేబులో పెట్టుకొని తిరగని విద్యార్థి అంతకంటె అరుదు. ఆ పాట ముక్క రోజుకు పది పదిహేనుసార్లు మోగుతుంది. ఒక గేయం ఒకే మనిషి చెవిని ఇన్నిసార్లు తాకిన కాలం మునుపు లేదు. ఇన్నిసార్లు తాకి అది ఏం చేస్తున్నది? ఈ ప్రశ్న మనం వేసుకోకపోతే ఫోనులమ్మే వర్తకులు వేసుకోరు.

ముందుగా మాటకు అర్థం చెప్పుకొందాం. ఫోను కొన్నప్పుడు దానిలో కంపెనీవారు పెట్టిన గంట ఒకటి ఉంటుంది. దాన్ని తీసివేసి, మనకు ఇష్టమైన పాటలోనుంచి ఒక ముక్క కోసి, ఎవరైనా ఫోను చేసినప్పుడు ఆ ముక్క మోగేట్టు పెట్టుకోవడం ఒక పద్ధతి. నేను చర్చించేది దీన్ని గురించే. మనకు ఫోను చేసినవారి చెవిలో వినిపించే పాట, అంటే కాలర్ ట్యూను, వేరే సంగతి. అది మన ఫోనులో ఉండదు. కంపెనీవారి యంత్రంలో ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ పని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. సంగీతం తెలిసిన పెద్దలు ఇది కళకు అపచారమంటారు; రాగాన్ని తెచ్చి గుమ్మానికి గంటగా కట్టారని బాధపడతారు. కుర్రవాళ్ళూ, వాళ్ళను సమర్థించే కొందరు అధ్యాపకులూ, ఇది ఎవరి అభిరుచి వారిదనీ, నచ్చిన పాట పెట్టుకొంటే ఎవరి సొమ్ము పోయిందనీ అంటారు. మొదటివారు పాటను దేవుడి గదిలో పెట్టి తాళం వేస్తారు. రెండోవారు అభిరుచి ఆకాశంనుంచి ఊడిపడుతుందనుకొంటారు. పాట మనిషిలో ఏం పని చేస్తున్నదని ఇద్దరూ అడగరు. నేను కూడ చాలాకాలం అడగలేదు. నాకు జరిగిన ఒక చిన్న అనుభవం నన్ను అడిగించింది.

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రానికి శ్రీశ్రీ రాసిన మేలుకొలుపు పాటను ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. ఆదినారాయణరావు స్వరపరిచాడు. ఘంటసాల, రామకృష్ణ బృందంతో కలిసి పాడారు. ఘంటసాల ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు. సినిమా మే నెలలో విడుదలైంది. శ్రీశ్రీకి ఉత్తమ గేయ రచయితగా జాతీయ పురస్కారం తెచ్చిన పాట అది. మన సాహిత్యంలో మేలుకొలుపు పాత ప్రక్రియ. గుడిలో దేవుణ్ణీ కోటలో రాజునూ లేపడానికి పాడేవారు. దాన్ని నిద్రపోతున్న జనం వైపు తిప్పడం ఇరవయ్యో శతాబ్దపు కవులు చేసిన పని. శ్రీశ్రీ పాట ఆ వరసలోది. చిన్నప్పుడు రేడియోలో అది వినిపిస్తే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. దాన్నే నా ఫోనుకు గంటగా పెట్టుకొందామనుకొన్నాను.

ఆ కోత ఎట్లా కోయాలో నాకు తెలియదు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక విద్యార్థి నేర్పాడు. ఫోను తెర మీద పాట ఒక కొండల వరసలాగ కనిపించింది. గొంతూ వాద్యాలూ పెద్దగా ఉన్నచోట శిఖరాలు, తగ్గినచోట లోయలు. ఆ వరసకు రెండు పక్కలా రెండు గుంజలు. ఎడమ గుంజను జరిపితే ముక్క మొదలు మారుతుంది. కుడి గుంజను జరిపితే చివర మారుతుంది. రెంటి మధ్య ఉన్నది మనకు, మిగిలింది గాలికి. "ఎక్కణ్ణుంచి కావాలి సార్?" అన్నాడు కుర్రవాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇది ఉత్త యంత్రం పని కాదని నాకు అప్పుడు తోచింది. పాటకు ముందు వాద్యసంగీతం ఉంటుంది. అది మాటకు రంగం సిద్ధం చేస్తుంది. కాని ఫోను మోగితే నాలుగైదు సెకండ్లలో ఎత్తుతాం. అంతసేపూ వాద్యాలే మోగితే గొంతు రాకుండానే పాట ఆగిపోతుంది. కాబట్టి మొట్టమొదట తెగేది రంగం సిద్ధం చేసే భాగమే. తర్వాత తాళం. పల్లవి ఎక్కడ ఎత్తుకొన్నారో సరిగా అక్కడ గుంజ పాతాలి. అరమాత్ర ముందు పాతితే వెనకటి వాద్యం తోకలాగ వేలాడుతుంది. అరమాత్ర తర్వాత పాతితే మొదటి అక్షరం ఎగిరిపోతుంది. ముక్క అయిపోగానే ఫోను మళ్ళీ మొదటికి వస్తుంది గనక చివరి మాత్ర మొదటి మాత్రతో అతకాలి. లేకపోతే ప్రతి ఆవృత్తికీ కాలు తడబడ్డట్టుంటుంది. ప్రాసతో కట్టిన జంట పాదాల్లో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని కోస్తే ప్రాస అనాథ అవుతుంది. తరగతిలో గణవిభజన చెప్పి పిల్లలను విసిగించే నేను, ఆ సాయంత్రం మాత్రలు లెక్కపెడుతూ గంటసేపు కూర్చున్నాను. ఆ పాటను అంత శ్రద్ధగా అంతకుముందెన్నడూ వినలేదని ఒప్పుకోవాలి. ఎంపిక చేయడమంటే విలువ కట్టడమే. ఏది ఉంచాలి, ఏది విడవాలి అని నిర్ణయించే ప్రతివాడూ ఆ కాసేపు విమర్శకుడే. ఈ మేరకు నేను కుర్రవాళ్ళ పక్షాన ఉన్నాను. తన పాటను తాను కోసుకొనేవాడు, కంపెనీ పెట్టిన గంటను అట్లాగే మోసేవాడికంటె మెలకువగా ఉన్నవాడే.

అయితే ఆ రెండు గుంజల మధ్య దూరాన్ని నిర్ణయించేది ఎవరు? మనమేననుకొంటాం. కాని ఫోను ఎంతసేపు మోగితే అంతవరకే ముక్కకు ఆయుష్షు. ఆ ఆయుష్షు మన దేశంలో ఎట్లా నిర్ణయమైందో చూడండి. 2019లో జియో సంస్థ తన వైపునుంచి పోయే ఫోనుల మోతను 20 సెకండ్లకు కుదించింది. అప్పట్లో ఒక సంస్థనుంచి మరొక సంస్థకు ఫోను పోతే, చేసిన సంస్థ అందుకొన్న సంస్థకు నిమిషానికి 6 పైసలు చెల్లించాలి. మోత తక్కువైతే ఎత్తేలోపలే ఆగిపోతుంది. ఆగిపోతే అవతలివాడు తిరిగి చేస్తాడు. తిరిగి చేస్తే పైసలు ఇటు వస్తాయి. ఇది ఆ పైసలకోసం పన్నిన ఎత్తేనని పోటీ సంస్థలు ఆరోపించాయి; ఆరోపిస్తూనే తామూ మోతను 25 సెకండ్లకు తగ్గించాయి. చివరకు ట్రాయ్ జోక్యం చేసుకొని, సెల్ ఫోనుకు 30 సెకండ్లు, తీగ ఫోనుకు 60 సెకండ్లు అని 2019 నవంబరులో కట్టడి చేసింది. ఆ 6 పైసల చెల్లింపు 2021 జనవరి 1న రద్దయింది. శ్రీశ్రీ పల్లవి నా జేబులో ఎంతసేపు బతకాలన్నది ఆ పైసల తగవులో తేలిందన్నమాట. కళారూపాన్ని ఆర్థిక సంబంధాలు ఎట్లా మలుస్తాయో చెప్పడానికి మనం ఎక్కడెక్కడినుంచో ఉదాహరణలు తెస్తుంటాం. ఇది మన జేబులోనే ఉంది.

కాలర్ ట్యూను సంగతి ఇక్కడే చెప్పాలి. రింగుటోనును కోసేది మనం. దాచుకొనేది మన ఫోనులో. కాలర్ ట్యూనును కోసేది వర్తకుడు. ఇష్టమైన పాటకు నెలనెలా అద్దె కట్టే అలవాటును జనానికి నేర్పింది అదే. అడగని సేవలకు డబ్బు పట్టుకొంటున్నారన్న ఫిర్యాదులు పెరిగి, చందాదారు రెండుసార్లు సరేనంటే తప్ప ఇటువంటి సేవ మొదలుపెట్టగూడదని 2013లో ట్రాయ్ ఆదేశించవలసివచ్చింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఆ పాట స్థానంలో దగ్గుతో మొదలయ్యే ప్రభుత్వ ప్రకటన వినిపించింది. ప్రకటన అవసరమే, కాదనను. కాని మనం అద్దె కడుతున్న ఆ స్థలం నిజానికి ఎవరి అధీనంలో ఉన్నదో ఆనాడు తేటతెల్లమైంది.

పాట ఇట్లా ముక్కలుగా అమ్ముడుపోతుంటే రాసినవాడి వాటా ఎంత? సినిమాకోసం డబ్బిచ్చి రాయించుకొన్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1957లో కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన వి. ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరు. తీర్పుతో ఏకీభవిస్తూనే, పాడినవాడికి మన కాపీరైటు చట్టంలో చోటు లేకపోవడాన్ని ఆయన విడిగా ప్రస్తావించి విచారించాడు. సినిమా హాలులో తప్ప ఇతరత్రా పాటను వాడుకొన్నప్పుడు కవికీ స్వరకర్తకూ వదులుకోవడానికి వీల్లేని వాటా ఉండాలని చట్టాన్ని సవరించింది 2012లో. అప్పటికి శ్రీశ్రీ చనిపోయి 29 ఏళ్ళు.

ఇంతవరకు చెప్పింది బయటి సంగతి. లోపలి సంగతి ఏమిటంటే, కోసిన ముక్కలో పాట ఎంత మిగులుతుంది?

చిన్నదవడమే తప్పయితే మన సాహిత్యంలో చాలా భాగం తప్పే. గాథాసప్తశతిలో గాథ రెండే పాదాలు. చాటువు ఒక్క పద్యం. యంత్రం కళను కుదించడం కూడ కొత్త కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్, గంటలకొద్దీ విస్తరించగల సంగీతాన్ని మూడు నిమిషాల రికార్డులోకి ఒదిగించవలసివచ్చింది. ఆ మూడు నిమిషాల్లోనే ఎత్తుగడనూ నడకనూ ముగింపునూ అమర్చే కొత్త శిల్పం పుట్టింది. మన సినిమా పాట దాని బిడ్డే. కాబట్టి చిన్నది వేరు, తెగింది వేరు. వేమన పద్యం నాలుగు పాదాల్లో పూర్తవుతుంది. మూడు పాదాల్లో లోకాన్ని చూపించి నాలుగో పాదంలో మకుటం పెడతాడు. ఆ మూడు పాదాలూ కోసివేసి, మకుటం ఒక్కటీ రోజుకు పదిసార్లు మోగిస్తే వేమనను వింటున్నామనగలమా? పేరు వింటున్నాం, అంతే.

జార్జి థామ్సన్ 'మార్క్సిజం అండ్ పొయిట్రీ' (1945) అన్న చిన్న పుస్తకంలో శ్రమగీతాల నిర్మాణాన్ని విప్పి చూపాడు. పడవ తోసేవారి పాటలో రెండు భాగాలుంటాయి. ఒకటి అందరూ కలిసి వేసే కేక. అది మారదు. దానికి అర్థం కూడ పెద్దగా ఉండదు. అందరి కండరాలూ ఒక్కసారిగా బిగియడానికి అదొక సంజ్ఞ. రెండోది కేకకూ కేకకూ మధ్య ఒకడు అప్పటికప్పుడు కట్టి పాడే మాట. అది మారుతుంటుంది. పాడేవాళ్ళ బతుకు, కష్టం, ఆశ అందులోకి వస్తాయి. కవిత్వం పెరగడానికి చోటు దొరికింది అక్కడ. మన పడవవాళ్ళ హైలెస్సా పాటనూ, దంపుళ్ళ పాటనూ ఈ దృష్టితో వింటే సంగతి బోధపడుతుంది. ప్రజానాట్యమండలి వేదికల మీద నాజర్ చెప్పిన బుర్రకథను తలచుకోండి. వంతలు పలికే తందాన తానకు జనం తల ఊపారు, నిజమే. కాని వాళ్ళు వచ్చింది తందాన తాన వినడానికి కాదు; రెండు తందానల మధ్య నాజర్ ఏం చెబుతాడో వినడానికి.

రింగుటోను చేసేది దీనికి సరిగా తలకిందులు. పల్లవిని ఉంచి చరణాలను కోస్తుంది. నేనూ అదే చేశాను. శ్రీశ్రీ పాటలో పల్లవి లెమ్మని పిలుస్తుంది. ఎందుకు లేవాలో, ఏ శిక్షలకు బెదరగూడదో చెప్పేవి చరణాలు. నా కోతలో పిలుపు మిగిలి కారణం పోయింది. వాదన పోయి నినాదం మిగిలింది.

ఇక్కడ రింగుటోనును తిట్టి ఊరుకొంటే ఆత్మవంచన అవుతుంది. ఈ కోత మనకు ఫోను నేర్పలేదు. మన సభల్లో శ్రీశ్రీని బ్యానరు మీది రెండు పాదాలుగా కుదించలేదా? 'మహాప్రస్థానం' పూర్తిగా చదవకుండానే అందులోంచి ఒక పాదం తీసి ఉపన్యాసానికి తగిలించే వక్తలు మనలో లేరా? ఉన్నారు; నేనూ ఒకణ్ణి. అభ్యుదయ కవిత్వమంతా నినాదాలేనని శుద్ధ కళావాదులు ఎత్తిపొడిచినప్పుడు మనం జవాబులు రాశాం. మంచిదే. కాని మన కవులు వాదనగా రాసినదాన్ని మనమే నినాదంగా వాడుకొన్న సందర్భాలకు ఎవరికీ జవాబు చెప్పుకోలేదు. ఫోను రాకముందే ఆ గుంజలు మన చేతుల్లో ఉన్నాయి.

ముక్క మొత్తాన్ని మింగివేస్తుందనడం ఊహ కాదు. స్పెయిన్ దేశపు గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో 'గ్రాన్ వాల్స్' అన్న రచన చేశాడు. అందులోంచి 13 స్వరాలు తీసి నోకియా కంపెనీ 1994లో తన ఫోనుకు గంటగా పెట్టింది. ఒకప్పుడు మన పల్లెటూళ్ళలో కూడ ఆ 13 స్వరాలు మోగాయి. ఆ రచన మొత్తం విన్నవారు మనలో ఎందరు? తారెగా పేరు తెలిసినవారెందరు? రచయిత పేరూ, రచనా, సందర్భమూ అన్నీ రాలిపోయి, ముక్క ఒక కంపెనీ పేరు మీద బతికింది. ఈమధ్య చాలామంది కుర్రవాళ్ళు ఫోనును మూగగా పెట్టుకొంటున్నారు గదా, ఈ చర్చ దేనికి అని ఎవరైనా అనవచ్చు. గంట మూగబోయినా అది నేర్పిన వినికిడి పోలేదు. రీళ్ళలో పాట ముక్కగానే వస్తున్నది, ముక్కగానే పోతున్నది. రింగుటోను ఆ బడికి మొదటి తరగతి.

ఇంతమాత్రాన ముక్కలో ప్రాణమే ఉండదని నేననను. 2011 సెప్టెంబరు 13న తెలంగాణలో సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు సాగింది. అప్పుడు నేను ఉస్మానియాలో ఎం.ఏ. విద్యార్థిని. టీ కొట్టు దగ్గర ఎవరి జేబులోనో ఉద్యమ పాట మోగితే, బెంచీ మీద కూర్చున్న అపరిచితులు తలలెత్తి ఒకరినొకరు చూసుకొనేవారు. అప్పుడే ఎత్తవద్దని, కాసేపు మోగనిమ్మని సైగ చేసేవారు కొందరు. ఆ ముక్క అప్పుడు జెండా పని చేసింది. ఎందుకు చేయగలిగింది? సాయంత్రం ధూం ధాం సభకు పోతే ఆ పాట మొత్తం వినపడేది గనక. ముక్క వెనక పాట ఉంది; పాట వెనక సభ ఉంది; సభ వెనక సమ్మె ఉంది. ముక్క ఆ గొలుసుకు కొక్కెం. గొలుసు తెగిన తర్వాత కొక్కెం ఒంటరిగా మోగితే అది ఉత్త ఇనుప శబ్దం.

పాట పనికి ఉపయోగపడటమే తప్పంటే కూడ నేను ఒప్పుకోను. ఊడ్పు పాట పనిలోనే పుట్టింది. అయితే దాని లయను నాట్లు వేసే చేతులే నిర్ణయిస్తాయి. నడుము పట్టేస్తే పాట నెమ్మదిస్తుంది. చేయి చురుకైతే పాట చురుకవుతుంది. రింగుటోను అట్లాంటిది కాదు. అది ఎప్పుడు మొదలవుతుందో అవతలివాడి చేతిలో ఉంది. దాన్ని వెంటనే ఆపవలసిన బాధ్యత మాత్రం నాది. వినడానికి గాక ఆపడానికే మోగే పాట లోకంలో ఇదొక్కటే.

నా సంగతి చెబుతాను. నేను ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. వేసవిలో పాఠాలుండవు గాని అడ్మిషన్ల కాన్వాసింగు ఉంటుంది. ఊళ్ళవెంట ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించాలి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు నా మంచం పక్కన శ్రీశ్రీ లెమ్మనేవాడు. నేను లేచేవాణ్ణి. లేచి, "నమస్కారం సార్, బయల్దేరుతున్నాను సార్" అనేవాణ్ణి. బాకీ పడ్డ జీతం సంగతి ఎత్తుదామని ప్రతిసారీ అనుకొని ప్రతిసారీ మింగేవాణ్ణి. అన్యాయానికి బెదరవద్దన్న పాటను, ఆ సంవత్సరమంతా బెదరడానికి ముందు విన్నాను. పాట నాకు ధైర్యం ఇవ్వలేదు. నా పిరికితనానికి తాళం వేసింది. జనాన్ని లేపడానికి కవి తిప్పిన మేలుకొలుపును, కొలువు చేసేవాణ్ణి లేపే గంటగా నేను మళ్ళీ వెనక్కు తిప్పాను.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. కిందటేడు మే దినం నాడు ఒక సభకు పోయాను. వేదిక మీద ఒక గాయకుడు ఆ పాటనే ఎత్తుకొన్నాడు. మొదటి మాట వినగానే నా చేయి జేబులోకి పోయింది. ఆఫీసువారేమోనని గుండె ఝల్లుమన్నది. పాట అని తెలిసేసరికి రెండు పాదాలు దాటిపోయాయి. పక్కకు చూస్తే ఇంకొక అధ్యాపక మిత్రుడి చేయి కూడ జేబులోనే ఉంది. ఇద్దరం నవ్వుకొన్నాం. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం నవ్వు రాలేదు. పావ్లోవ్ తన కుక్కలతో చేసిన ప్రయోగాన్ని గురించి పుస్తకాల్లో చదివాను. ఇప్పుడు నాలోనే చూశాను. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, ఉత్సాహం స్థాయిగా కట్టిన పాట నాలో భయాన్ని మేల్కొలిపింది. వీరం వినడానికి పోయి భయానకం అనుభవించి వచ్చాను. నాకు ఎంతో ఇష్టమైన పాటను నేనే, నా ఇష్టంతోనే, నా చేతులతోనే పోగొట్టుకొన్నాను. అభిరుచి ఎవరిది వారిదనే మిత్రులు దీనికి ఏం చెబుతారు?

పాట కోసి ఇచ్చిన కుర్రవాడికి ఈ కథంతా చెప్పాను. "తప్పు ముక్కది కాదు సార్. కోసిన తర్వాత పాట మొత్తం మీరెప్పుడు విన్నారు?" అన్నాడు. లెక్కవేసుకొంటే, ముక్క కోసిన సాయంత్రం తర్వాత ఒక్కసారి కూడ వినలేదు. పాట నా దగ్గరే ఉన్నది గదా అన్న భరోసాతో దాన్ని వినడం మానేశాను. కుర్రవాడు నాకంటె మంచి విమర్శకుడు.

మర్నాడు తరగతిలో అడిగాను. ఆ పాట పల్లవి అందరికీ వచ్చు. చరణాలు వచ్చినవారు చేతులెత్తమంటే ఒక్క అమ్మాయి ఎత్తింది. వాళ్ళ నాన్న పొలం దగ్గర పాడుతుంటే వచ్చిందట. పాడమన్నాను. మొదట సిగ్గుపడ్డది, తర్వాత పాడింది. తరగతి నిశ్శబ్దంగా విన్నది. రెండో చరణం మధ్యలో నా ఫోను మోగింది. అప్పటికి శ్రీశ్రీని తీసివేసి కంపెనీ పెట్టిన గంటనే పెట్టుకొన్నాను. ఆఫీసువారి పిలుపు. ఆ అమ్మాయి ఆగబోయింది. ఆగవద్దని చేయి ఊపాను. గంట 30 సెకండ్లు మోగి దానంతట అదే ఊరుకొంది. పాట పూర్తయిన తర్వాత బయటికి పోయి తిరిగి ఫోను చేశాను. కొంపలేమీ మునగలేదు.

విద్యార్థులు తమ ఫోనుల్లోంచి పాటలను తీసివేయాలని నేను ప్రతిపాదించడం లేదు. అది చేతకాని సంస్కర్తల మాట. కోసుకొనేవాడు కోసుకోనీ, కోసేటప్పుడైనా శ్రద్ధగా వింటున్నాడు. నేననేది మన పనిని గురించి. ముక్కలు పంచే సాధనాలు మార్కెట్టు చేతిలో కావలసినన్ని ఉన్నాయి. మొత్తాన్ని అందించే చోటు మాత్రం తరగతి గదీ, సభా వేదికా తప్ప మరొకటి నాకు కనిపించడం లేదు. మన సభల్లో పాటను ఉపన్యాసాల మధ్య విరామానికి వాడుకోవడం మానుకోవాలి. పల్లవి పాడించి, టైము చాలదని గాయకుణ్ణి కూర్చోబెట్టడం మానుకోవాలి. టైము చాలకపోతే ఉపన్యాసాన్ని కోద్దాం. చరణాలు వచ్చినవాళ్ళు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళను పిలిచి, మొదటినుంచి చివరిదాకా పాడించి, కూర్చొని విందాం.